మూడు పేర్ల పాప

"బద్ధకమట! మా పాపకి బద్ధకమట! విన్నావా అమ్మా?"

డార్లా కోటు విప్పలేదు, బురద బూట్లూ విప్పలేదు. తల్లి ఆర్లిస్ వంటింట్లోకి బూట్లతో అడుగుపెట్టిన మనిషి ఆ ఇంట్లో ఇంతవరకూ లేదు. ఆమె ఆ బురద చూసి కూడా నోరెత్తలేదంటే సంగతి ఎంతవరకు వచ్చిందో అర్థం చేసుకోవచ్చు. మర్నాడు చర్చిలో అమ్మకానికి కొలాచీలనే తీపి బన్నులు చేస్తోందామె. పొంగిన పిండి ఉండల నడుమ బొటనవేలితో గుంట నొక్కి, గసగసాల ముద్ద పెడుతోంది. ఆ వేలు అలాగే పిండిలో ఆగిపోయింది.

"ఎవరన్నారే ఆ మాట?"

"బడివాళ్ళు! నిన్న మీటింగులో ఐదుగురు మా ఎదురుగా కూర్చుని, మొహాలకి నవ్వు పులుముకుని మరీ చెప్పారు. పరీక్షలో అన్నీ వయసుకి తగ్గట్టే వచ్చాయట. చదవగలదు, కానీ చదవట్లేదు అన్నారు. ప్రత్యేక సాయమేమీ అక్కర్లేదట. ఇంట్లో మేమే గారాబం చేసి చెడగొట్టామట!"

"మాటలు కలపకు. గారాబం అనలేదు వాళ్ళు" అన్నాడు వేడ్ తలుపు దగ్గర్నుంచి. డార్లా మొగుడు. ఊరి చివర ధాన్యం గోదాముల్లో పని. ఎంత పెద్ద ట్రక్కునైనా ఒంటిచేత్తో వెనక్కి తిప్పగలడు గానీ, పెళ్ళాం కోపంలో ఉంటే ఎటు తిరగాలో తెలియని మనిషి. "ఇంట్లో క్రమం తప్పకుండా చదివించమన్నారు. అంతే."

"అంతేనా? క్రమం తప్పకుండా నువ్వు చేసిన నిర్వాకం మా అమ్మకి చూపించు మరి. ఓపల్, ఇలా రా."

ఏడేళ్ళ ఓపల్ అప్పటికే బల్ల చివర తన చోటులో కూర్చుని, అమ్మమ్మ డామినో బిళ్ళల డబ్బా బోర్లించింది. ఏ వస్తువు పట్టుకున్నా రెండుసార్లు టక్ టక్‌మని బల్లకు కొట్టిగాని కింద పెట్టదు ఆ పిల్ల. పుట్టిన దగ్గర్నుంచీ అదే అలవాటు. ఓ బిళ్ళ కొట్టి, పెట్టి, తలెత్తింది. ఎడమ కనుబొమ సగం లేదు. లేనిచోట చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఓరి దేవుడా! ఆ కనుబొమ ఏమైందే?"

"పీక్కుంది. నిన్న సాయంత్రం ఈ మహానుభావుడు పుస్తకం చేతికిచ్చి, చదివిందాకా కుర్చీలోంచి లేవడానికి వీల్లేదన్నాడు. నేను పనినుంచి వచ్చేసరికి ఒక్క పేజీ తిప్పలేదు. ఒక్కో వెంట్రుకే పీక్కుంటూ కూర్చుంది."

"నాకేం తెలుసు?" వేడ్ గొంతు లేచింది. "చదవగలదని పెద్ద చదువులు చదివినవాళ్ళే చెప్పారు కదా! రెండేళ్ళ నుంచీ దీంతో కుస్తీ పడుతున్నాం. పాపం, రాదేమో అనుకుని ఊరుకున్నా. వచ్చి కూడా మమ్మల్ని ఆడిస్తోందంటే ఏ తండ్రికి కోపం రాదు?"

ఓపల్ మళ్ళీ తల దించుకుంది. టక్ టక్.

ఇంతసేపూ మాట్లాడని మనిషి ఒకరున్నారు ఆ గదిలో. డార్లా చెల్లెలు కొరీన్, తల్లికి సాయంగా గిన్నెలో గసగసాలు కలుపుతోంది. నిజానికి ఈ గొడవలో మొట్టమొదట నోరు విప్పాల్సింది ఆవిడే. ఎందుకంటే బడి పిల్లలకు ఇలాంటి పరీక్షలు పెట్టడం నేర్పే చదువే ఆమె చదువుతోంది. ఆ చదువంటే ఇంట్లో అందరికీ వేళాకోళమే. మాస్టర్ డిగ్రీ దాటిపోయింది, డాక్టరేట్ అందలేదు, నడిమధ్యన మూడేళ్ళ స్పెషలిస్ట్ డిగ్రీ. త్రిశంకు స్వర్గం లాంటి చదువు. ముప్ఫై ఏళ్ళకు దగ్గరపడుతూ, బడిలో ఆయా ఉద్యోగం వదిలి, తల్లి ఇంటి మేడగదిలో చేరి మరీ చదువుతోంది. వచ్చే ఆగస్టు నుంచి ఏడాదిపాటు బడుల్లో శిక్షణ. అది పూర్తయితే తనూ స్కూల్ సైకాలజిస్టే.

"ఏమే, నువ్వేం మాట్లాడవేం?" డార్లా ఆమె మీదకు తిరిగింది. "టెస్ట్ చేయించు, టెస్ట్ చేయించు అని క్రిస్మస్ దగ్గర్నుంచీ నా ప్రాణం తీసింది నువ్వే కదా? ఇప్పుడు చెప్పు!"

"అసలు ఏయే భాగాల్లో బాగా చేసిందన్నారక్కా?" కొరీన్ గిన్నెలోంచి కళ్ళెత్తలేదు.

"అన్నిట్లోనూ! ఎర్రవీ తెల్లవీ దిమ్మలు పేర్చే ఆట ఏదో ఉందిగా, అందులో నూటికి ఒక పిల్ల చేసినట్టు చేసిందట. ఇంక ఆ పదాల కార్డు చేతికిస్తే గడగడా చదివేసిందట. పరీక్ష పెట్టిన పోస్పిషిల్ మేడమే నోరు తెరిచిందట! షాపు తలుపు మీద 'తొయ్యి' అని రాసుంటే చదవలేక లాగుతుంది నా కూతురు. ఆ పదాలన్నీ ఎలా చదివింది కొరీ? అదైనా చెప్పు, నువ్వు చదివే చదువులో ఉంటుందిగా?"

చెంచా కొరీన్ చేతిలోంచి జారి గిన్నెలో పడింది. ఎర్రవీ తెల్లవీ దిమ్మలు. పదాల కార్డు. అంటే బడివాళ్ళు కూడా పరీక్ష సామానున్న ఆ పెట్టెనే వాడారు!

ఆ చదువులో ఓ పద్ధతుంది. బడుల్లో పిల్లల జోలికి వెళ్ళేముందు, బయటి పిల్లల మీద సాధన చెయ్యాలి. చుట్టాల పిల్లలో, ఇరుగుపొరుగు పిల్లలో, ఎవరో ఒకరు. కాయితం మీద పిల్ల అసలు పేరు రాయకూడదు, ఏదో ఒక పేరు కల్పించాలి. వీడియోలో మొహం పడకూడదు, చేతులూ బల్లా మాత్రమే కనిపించాలి. వచ్చిన మార్కులు తల్లిదండ్రులకు చెప్పకూడదు, నేర్చుకునేవాళ్ళ చేతిలో తప్పులు దొర్లుతాయి గనక. లోపల అడిగిన ప్రశ్నలు పిల్ల ఎవరితోనూ అనకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక పిల్లకు ఒక్కసారే. రెండోసారికి పిల్లకు తెలివి పెరగదు గాని మార్కులు పెరుగుతాయి.

నవంబరులో కొరీన్ తన సాధనకు ఓపల్‌ని అడిగింది. డార్లా ఏదో తొందరలో, చదవకుండానే సంతకం పెట్టి ఇచ్చింది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. మంచు తుపానుకి దారులు మూసుకుపోయాయి. వస్తామన్న పిల్లలు రాలేదు. గడువు దగ్గరపడింది. బడి వదలగానే ఓపల్ రోజూ అమ్మమ్మ ఇంటికే వస్తుంది. కొరీన్ ఇంకోసారి కూర్చోబెట్టింది. ఆ తర్వాత మరోసారి. కాయితాల మీద హేజెల్, మార్గో, ట్రూడీ అని ముగ్గురు పిల్లలు. మిగతా రెండిటికి సంతకాలు ఎవరు పెట్టారో కొరీన్‌కే తెలుసు. హేజెల్ కంటే మార్గో తెలివైంది, మార్గో కంటే ట్రూడీ తెలివైంది. పిల్ల మాత్రం ఒకత్తే!

ఇందులో ఇంకో ముల్లుంది. పగలు బడుల్లో పనిచేసే ఆ లోర్నా పోస్పిషిలే సాయంత్రం కాలేజీలో కొరీన్ వాళ్ళకు ఈ పరీక్షల పాఠం చెబుతుంది. హేజెల్ రిపోర్ట్ చదివి, వీడియో చూసి ఆమె అప్పుడే అంది: "ఈ హేజెల్ ఎవరో నాకు తెలీదు, తెలియకూడదు కూడా. కానీ కొరీన్, ఈ పాపకి ఎవరో ఒకరు త్వరగా సాయం చెయ్యకపోతే చదువంటే ప్రాణభయం పట్టుకుంటుంది."

కొరీన్ ఆ మాట అక్కకు చెప్పలేదు. చెప్పకూడదన్న నియమం ఉంది కదా, దాని వెనక దాక్కుంది. బడిలో అసలు పరీక్ష పెట్టిస్తే నిజం దానంతటదే బయటపడుతుందిలే అనుకుని డార్లాను పోరింది. బడివాళ్ళ దగ్గర ఇంకో రకం పెట్టె ఉంటుందనుకుంది. అనుకుందే గాని అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు మరి.

"ఏంటే, దెయ్యాన్ని చూసినట్టు అలా పాలిపోయావు?" అంది డార్లా.

"ఏం లేదక్కా." కొరీన్ చేతులు తుడుచుకుంది. "ఓపల్, కాసేపు నాతో వసారాలోకి రామ్మా."

వెనక వసారాలో బూట్ల వరసల పక్కన పాత సోఫా ఒకటుంది. బయట మార్చి నెల ఎండకి మంచు కరిగి చూరునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఓపల్ సోఫా ఎక్కి, పిన్ని మోచెయ్యి పట్టుకుని దగ్గరికి జరిగింది. ఇంట్లో అందరూ కోప్పడుతున్నప్పుడు కూడా ఆ పిల్ల మొహంలో ఏదో గర్వం. అది చూసి కొరీన్‌కు ఇంకా భయమేసింది.

"పిన్నీ, నేను బాగా చేశానంట కదా?"

"చేశావు తల్లీ. అక్కడ... పోస్పిషిల్ మేడమ్ నిన్నేం అడిగింది?"

"పెట్టె తియ్యగానే నాకు నవ్వొచ్చింది. అవే దిమ్మలు పిన్నీ! ఆవిడ పేజీ తిప్పకముందే నేను పేర్చేశా. ఆవిడ ఇలా చూసింది." ఓపల్ కళ్ళు పెద్దవి చేసి చూపించింది. "ఇవి ఇంతకుముందు ఎప్పుడైనా చూశావా అంది."

"నువ్వేం చెప్పావు?"

"లేదన్నా. నువ్వు ఒట్టేయించుకున్నావుగా, లోపల ఆడిన ఆట ఎవరికీ చెప్పొద్దని. రెండుసార్లు అడిగింది పిన్నీ. అయినా చెప్పలేదు."

పిల్ల పిన్ని మొహంలోకి చూస్తూ మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తోంది.

"మరి... పదాల కార్డు?"

"అదా!" ఓపల్ కళ్ళు గట్టిగా మూసుకుంది. "పడవ, గంట, ఉరుము, వంతెన, మొండెద్దు, గాలిమర..." పాటలా ఊగుతూ చెప్పుకుపోయింది, ఒక్కటి తప్పకుండా, వరస మారకుండా.

"అంటే... కార్డు మీద చూసి చదవలేదా నువ్వు?"

"చదవడమెందుకు? నాకు వచ్చుగా, నువ్వు చదివి వినిపించావు కదా." ఓపల్ కళ్ళు తెరిచింది. ఆ గర్వం కాస్తా ఒక్కసారిగా కరిగిపోయింది. "నిన్న నాన్న ఇచ్చిన పుస్తకం కూడా అలాగే చెప్పేద్దామనుకున్నా. కానీ అది నువ్వెప్పుడూ నాకు చదివి వినిపించలేదు కదా. అందుకే రాలేదు."

ఛీ, ఏం మనిషిని నేను అనుకుంది కొరీన్. అనుకోవడం కాదు, పైకే అనేసింది. ఓపల్‌కు అర్థంకాక, నోట్లో వేలు పెట్టుకుని ఆమె వంకే చూసింది. వేలు మెల్లిగా నోట్లోంచి కనుబొమ మీదకి పాకింది. కొరీన్ ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

చెబితే చదువు పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. ఇంతకంటే తేలిక లెక్క ఏముంటుంది చెప్పండి? అయినా ఆ వసారానుంచి వంటింటి గడప దాకా వెళ్ళడానికి కొరీన్‌కు చాలాసేపు పట్టింది.

వంటింట్లో ముగ్గురూ మూడు దిక్కులు చూస్తూ కూర్చున్నారు. కాఫీ కలిపారు గాని ఎవరూ తాగలేదు.

"అక్కా, ఆ మార్కులు నిజం కావు" అంది కొరీన్ నిలబడే. "ఓపల్‌కి చదవడం రాదు. ఒక్క పదం కూడా చదవలేదక్కడ. బట్టీ కొట్టినట్టు అప్పజెప్పేసింది."

"పరీక్షలో ఏమొస్తుందో ముందే ఎలా తెలుసు దానికి?" అన్నాడు వేడ్.

"నా వల్ల. నవంబరులో నా చదువు కోసం ఓపల్‌తో ఏవో ఆటలు ఆడించానే, అక్క సంతకం పెట్టిందే... అవి ఆటలు కావు బావా. ఆ పరీక్షే. ఆ పెట్టే. బడివాళ్ళూ అదే వాడారు."

పొయ్యి మీద కెటిల్ మూత ఎగిరెగిరి పడుతోంది.

"ఎన్నిసార్లు పెట్టావు?" ఆ ప్రశ్న వేసింది ఆర్లిస్.

"ఒకసారి" అంది కొరీన్.

చూశారా, నిజం చెప్పడానికే వచ్చిన మనిషి! ఒకసారైతే పొరపాటు కింద పోతుంది. మందలించి వదిలేస్తారు, మహా అయితే ఓ సబ్జెక్టు మళ్ళీ చదవమంటారు. మూడుసార్లు, మూడు దొంగపేర్లు, రెండు దొంగ సంతకాలు అంటే ఇంక ఏ కాలేజీ గడపా తొక్కనివ్వరు. నోరు దానంతటదే ఆ లెక్క కట్టుకుంది.

డార్లా కుర్చీ వెనక్కి తోసి లేచింది. "బడివాళ్ళు నన్నడిగారు. ఇంతకుముందు పాపకి ఏదైనా పరీక్ష చేయించారా అని మొహం మీదే అడిగారు. లేదన్నాను. అది పరీక్షని నువ్వు నాకు చెప్పి చచ్చావా?"

"అక్కా, నా ఉద్దేశం..."

"నీ ఉద్దేశం మంటల్లో పడ! కంచే చేను మేసిందంటారే, ఇదే. ఊళ్ళో వాళ్ళందరి దగ్గరా మా చెల్లెలు పిల్లల మనసు చదివే చదువు చదువుతోందని డప్పు కొట్టుకున్నానే! నా పిల్ల మనసే దొరికిందా నీకు గీతలు గీసుకోవడానికి?"

"నీ చెల్లెలు కావాలని చెయ్యలేదే" అంది ఆర్లిస్.

"నువ్వు దాన్ని వెనకేసుకు రాకు! ఎప్పుడూ అంతే. అది ఏం చేసినా పొరపాటు, నేను చేస్తే తప్పు." డార్లా ఏడుపు ఆపుకుంటూ గోడకున్న ఫోను వైపు చూపించింది. "చెయ్యి. ఇప్పుడే చెయ్యి ఆ పోస్పిషిల్‌కి. నా ఎదురుగా చెప్పు."

"శనివారం పూట ఎందుకమ్మా, సోమవారం నిదానంగా..." ఆర్లిస్ పిండి చేతులతోనే అడ్డుపడింది. "ఒక్కసారి చెయ్యి దాటిన సీటు మళ్ళీ రాదు. పిల్లదానికైతే వచ్చే ఏడు ఇంకో పరీక్ష పెట్టించుకోవచ్చు."

"వచ్చే ఏడా! అప్పటికి ఆ రెండో కనుబొమ కూడా పోతుంది. నువ్వు కూడా నా తల్లివేనా?"

ఆ మాటతో ఆర్లిస్ మొహం మాడిపోయింది. చేతిలో ఉన్న పిండి ఉండను మళ్ళీ ముద్దలో కలిపేసింది.

కొరీన్ వేడ్ వైపు చూసింది. అతను తన కుడిచేతి వంకే చూసుకుంటున్నాడు.

"నిన్న నేను దాన్ని అబద్ధాలకోరు అన్నాను" అన్నాడు చివరికి. ఎవరితో అంటున్నాడో తెలియలేదు. "కుర్చీ చుట్టూ తిరుగుతూ అన్నాను. వచ్చి కూడా నాటకాలాడుతున్నావే అన్నాను. రానిదాన్ని పట్టుకుని..."

మాట పూర్తికాలేదు. అంత మనిషీ లేచి, తూలుకుంటూ వసారాలోకి వెళ్ళాడు. పాత సోఫా కిర్రుమనడం వినిపించింది. ఆ తర్వాత ఏడుపు వినిపించింది. అది పిల్ల ఏడుపు కాదు.

"నాన్నా, ఏడవకు. నాకు పదాలు వచ్చు. చెప్పనా?" అంటోంది ఓపల్.

డార్లా రెండు చేతులతో నోరు మూసుకుంది. కొరీన్ గోడ దగ్గరికి వెళ్ళి ఫోను అందుకుంది. ఈసారి ఆర్లిస్ కూడా ఆపలేదు.

అంతలో ముందు తలుపు మీద ఎవరో వేళ్ళతో కొట్టారు.

"ఆర్లిస్! ఉన్నావా? నీ ట్రే తెచ్చాను!"

లోర్నా పోస్పిషిల్! ఆ ఊళ్ళో ఎవరి గిన్నె అయినా అడుగున అంటించిన టేపు మీద పేరు చూసి తిరిగి ఇచ్చెయ్యాలి, ఖాళీగా మాత్రం ఇవ్వకూడదు. చర్చిలో ఎవరి చావు భోజనానికో ఆర్లిస్ పంపిన ట్రే అది. నిండా ఆపిల్ ముక్కల కేకు పెట్టి తెచ్చిందావిడ. పొట్టి జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. ఊళ్ళో సగం మంది పిల్లల గుట్టు ఆ కళ్ళద్దాల వెనకే ఉందంటారు.

"రా లోర్నా, కూర్చో" అంది ఆర్లిస్. నోటికి అలవాటైన మర్యాద అది. మొహంలో రక్తం లేదు.

లోర్నా వంటింట్లో ఉన్నవాళ్ళందరినీ చూసింది. వసారాలోంచి కూతుర్ని ఎత్తుకుని వస్తున్న వేడ్‌ని చూసింది, అతని ఎర్రటి కళ్ళు చూసింది. ట్రే బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే అంది.

"డార్లా, మీరు ఇక్కడుంటారనుకోలేదు. అసలైతే సోమవారం ఫోను చేద్దామనుకున్నా. ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. నిన్న మీటింగులో చెప్పింది నాకే మింగుడు పడలేదు. రాత్రంతా నిద్రపట్టలేదు."

"చెప్పండి మేడమ్" అంది డార్లా.

"ఓపల్ నేను పేజీ తిప్పకముందే తర్వాతి బొమ్మ పేర్చేసింది. ఎంత తెలివైన పిల్లయినా చూడని బొమ్మ పేర్చలేదు కదా? అది ఒకటి. రెండోది..."

వేడ్ దించగానే ఓపల్ తన చోటుకి వెళ్ళి డామినో బిళ్ళ అందుకుంది. టక్ టక్. పెట్టింది. ఇంకోటి. టక్ టక్.

లోర్నా అటు తిరిగింది. "అదిగో. ఆ చప్పుడు. దిమ్మలు కూడా అలాగే కొట్టి పెట్టింది. నేను ఎక్కడో విన్నాను దాన్ని. ఎక్కడ విన్నానో గుర్తురాక చస్తున్నాను."

కొరీన్ బల్ల అంచు పట్టుకుంది. వీడియోల్లో మొహాలు పడకూడదు. చేతులూ బల్లా కనిపిస్తాయి. చప్పుడు వినిపిస్తుంది.

లోర్నా ఓపల్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఓపల్, నువ్వు తప్పు చేశావని అడగట్లేదమ్మా. ఆ దిమ్మలు నా దగ్గరికి రాకముందు ఎక్కడైనా చూశావా?"

ఓపల్ పిన్ని వైపు చూసింది. నిటారుగా కూర్చుంది.

"లేదు" అంది.

డార్లా మూలిగింది. గదిలో అందరికీ తెలుసు అది అబద్ధమని. అడిగినావిడ ఒక్కత్తికే తెలియదు. అంత చిన్న నోట్లోంచి అంత నిబ్బరంగా అబద్ధం వస్తే, నేర్పినవాళ్ళకే అది భరించరానిదైంది.

"చూసింది మేడమ్" అంది కొరీన్. "నేనే చూపించాను. నా సాధనకి ఓపల్‌నే కూర్చోబెట్టాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. తన తప్పేం లేదు."

"పిన్నీ!" ఓపల్ కుర్చీలోంచి దిగిపోయింది. మొహమంతా ఎర్రబడింది. "నువ్వే చెప్పొద్దన్నావు! నేను చెప్పలేదు! నువ్వెందుకు చెప్పావు?"

"ఇంక దాచక్కర్లేదురా బంగారం. ఒట్టు తీసేశాను. నీ మీద ఇంక ఏ ఒట్టూ లేదు."

లోర్నా కళ్ళద్దాల గొలుసు వేళ్ళకు చుట్టుకుంది. కోపం రాలేదు ఆవిడకి, అలసట వచ్చింది.

"సరే" అంది. "ఆ పరీక్ష చెల్లదని సోమవారం నేనే రాసిస్తాను. వేరే పెట్టెతో, వేరే మనిషితో మళ్ళీ పెట్టిద్దాం. డార్లా, మీ పాపకి నేను అన్యాయం చేశాను, క్షమించండి." తర్వాత కొరీన్ వైపు తిరిగింది. "సాధనకి కూర్చోబెట్టిన పిల్లకి అసలు పరీక్ష వస్తోందని తెలిసి నాతో చెప్పకపోవడం చిన్న సంగతి కాదు. అయినా, ఒక్క పొరపాటుకి మనిషిని ముంచెయ్యను. నాకు ఒకటే తెలియాలి. పాప ఎంత బట్టీ పట్టిందో తెలియాలంటే నువ్వు నిజం చెప్పాలి. ఎన్నిసార్లు పెట్టావు?"

గోడ గడియారం కింద ఆర్లిస్ నిలబడి ఉంది, ప్రార్థన చేసేదానిలా. డార్లా అప్పుడే కళ్ళు తుడుచుకుని చెల్లెలి వైపు చూసింది. ఆ చూపులో కోపం కాస్త మెత్తబడింది. అది చూశాకే కొరీన్‌కి ధైర్యం పూర్తిగా పోయింది.

"ఒకసారే మేడమ్."

"కాదు" అంది ఓపల్.

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. ఓపల్ కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకుంటోంది. ఏడుపు తగ్గి, పెద్దవాళ్ళ తప్పు దిద్దే ఉత్సాహం వచ్చింది.

"మర్చిపోయావా పిన్నీ? మూడుసార్లు. ప్రతిసారీ నాకు కొత్త పేరు పెట్టావుగా. ఇంక అన్నీ చెప్పొచ్చు కదా? మూడోసారి నేను ట్రూడీ. దానికి ముందు మార్గో." డామినో బిళ్ళలు ఒక్కొక్కటే వరసలో పెట్టింది. టక్ టక్. టక్ టక్. "అన్నిటికంటే ముందు హేజెల్. నాకు హేజెలే నచ్చింది."

లోర్నా పోస్పిషిల్ వేళ్ళలోంచి గొలుసు జారింది. ఆవిడ కొరీన్ వైపు చూడలేదు. ముందుకు వంగి, ఓపల్ గడ్డం పట్టుకుని, వెంట్రుకలు లేని ఆ సగం కనుబొమను చూసింది.

"ఆ హేజెల్ నువ్వేనా అమ్మా?" అంది. "నవంబరులో నేను చెప్పింది... నీ గురించేనా?"

డార్లా ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. తల్లికి తెలియదు. మొగుడికి తెలియదు. చెల్లెలు మాత్రం గోడకి ఆనుకుని, మెల్లగా కిందికి జారి కూర్చుండిపోయింది.

"హేజెల్ ఎవరు?" అంది డార్లా. "కొరీ, నవంబరులో నీకు ఏం చెప్పారు?"